ఎంఎఫ్ డూమ్ "ఆపరేషన్: డూమ్స్‌డే"లో ఆ వెచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చింది, మీ లూపుకి ఎందుకు రావట్లేదు

మీరు అడిగినవి మూడు. అమెరికా ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ ఆల్బమ్, 1999లో వచ్చిన "ఆపరేషన్: డూమ్స్‌డే"ని ఇప్పుడందరూ క్లాసిక్ అంటున్నారు, వచ్చినప్పుడు మాత్రం బయటి జనానికి పెద్దగా తెలియలేదంటారు, ఎందుకలా? అందులో ఆ సోల్ (అమెరికా నల్లవాళ్ల పాటల బాణీ) రంగు ఎలా వచ్చింది? అదే దారిలో పాత పాటల ముక్కలు తీసి (వాటినే శాంపిల్స్ అంటారు), పదే పదే తిరిగే లూపులుగా మార్చి ఆరు పాటల ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, చేద్దామంటే మీ బీట్లు (ర్యాప్ కింద నడిచే సంగీతం) కాఫీ షాపులో వెనకాల మోగే లోఫైలా తేలిపోతున్నాయి, ఎక్కడ తప్పు?

అసలు జవాబు ముందే చెప్పేస్తాను. ఆ వెచ్చదనం మెషీన్లో లేదు. మెత్తటి ప్రేమ పాట, దాని మీద బొంగురు గొంతు, ఆ గొంతులో తమ్ముడి చావు. ఈ మూడింటికీ పొంతన లేదు, ఆ పొంతన లేకపోవడమే చెవిని పట్టుకుంటుంది. మీరు పెట్టిన రెండు క్లిప్పుల్లో లూపూ మెత్తనే, డ్రమ్సూ మెత్తనే, పైగా గొంతుకి రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) దుప్పటి కప్పారు. ఎక్కడా గరుకు లేదు కాబట్టి జారిపోతోంది.

ఆల్బమ్ ఎలా పుట్టిందో తెలియకపోతే దాని ధ్వని అర్థం కాదు కాబట్టి ఆ సంగతి క్లుప్తంగా. డూమ్ అసలు పేరు డేనియల్ డుమిలే. లండన్‌లో పుట్టి, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో పెరిగాడు. మొదట జెవ్ లవ్ ఎక్స్ అనే పేరుతో, తమ్ముడు డీజే సబ్‌రాక్‌తో కలిసి కేఎండీ అనే బృందంలో పాడాడు. ఎలెక్ట్రా కంపెనీ 1991లో వాళ్ల "మిస్టర్ హుడ్" విడుదల చేసింది. రెండో ఆల్బమ్ పని సాగుతుండగా 1993 ఏప్రిల్‌లో సబ్‌రాక్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అన్న ఆ ఆల్బమ్‌ని పూర్తిచేశాడు. అట్ట మీద నల్లవాళ్లని వెక్కిరించే పాత కార్టూన్ బొమ్మ "సాంబో"ని ఉరితీస్తున్నట్టు వేశారు. ఆ బొమ్మ మీద గొడవ లేచి 1994లో ఎలెక్ట్రా ఆల్బమ్‌ని ఆపేసింది, బృందాన్ని వదిలించుకుంది. తర్వాత కొన్నేళ్లు మనిషి జాడ లేదు. మళ్లీ న్యూయోరికన్ పోయెట్స్ కెఫేలో మొహానికి స్టాకింగ్ తొడుక్కుని మైకు ముందు నిలబడ్డాడు. లోహపు ముసుగు ఆ తర్వాత వచ్చింది.

అప్పటికి పెద్ద కంపెనీలు ఆయన మొహం చూసే పరిస్థితి లేదు. చేరదీసినవాడు బాబిటో గార్సియా. కొలంబియా యూనివర్సిటీ రేడియో డబ్ల్యూకేసీఆర్‌లో స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి అర్ధరాత్రి హిప్‌హాప్ కార్యక్రమం నడిపిన మనిషి. 1995లో ఫాండిల్ ఎమ్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టి 12 అంగుళాల సింగిల్స్, అంటే కొద్ది పాటలే ఉండే డిస్కులు, వేసేవాడు. 1997 నుంచి డూమ్ సింగిల్స్ ఒక్కొక్కటే అక్కడి నుంచి వచ్చాయి: "డెడ్ బెంట్", "గ్యాస్ డ్రాల్స్", "హే!", "గ్రీన్‌బ్యాక్స్", "గో విత్ ద ఫ్లో", "ద ఎమ్ఐసీ", "రెడ్ అండ్ గోల్డ్". 1999 అక్టోబరులో వచ్చిన ఆల్బమ్‌లో 19 ట్రాకులుంటే, స్కిట్లు (పాటల మధ్య వచ్చే మాటల ముక్కలు) తీసేశాక మిగిలిన పాటల్లో సగం ఇవే. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒక్క ఊపులో, ఒకే స్టూడియోలో కూర్చుని చేసిన ఆల్బమ్ కాదిది. రెండేళ్ల పాటు ఒక్కో డిస్కుగా పోగైన సరుకు. ఒక పాటలో గొంతు ముందుకొచ్చి, ఇంకో పాటలో లూపు వెనక్కి పోవడానికి కారణం అదే. అది కావాలని చేసిన కళ అనుకుని మీ మిక్స్‌ని కావాలని పాడుచేసుకోకండి.

ఇక ముక్కలు ఎక్కణ్ణుంచి తీశాడో చూడండి. "డూమ్స్‌డే" పాటకి ఆధారం షాడే 1992లో పాడిన "కిస్ ఆఫ్ లైఫ్". "రైమ్స్ లైక్ డైమ్స్"కి క్విన్సీ జోన్స్ 1981 ఆల్బమ్‌లో జేమ్స్ ఇంగ్రామ్ పాడిన "వన్ హండ్రెడ్ వేస్". "ద ఫైనెస్ట్"కి అదే పేరుతో 1986లో వచ్చిన ఎస్ఓఎస్ బ్యాండ్ పాట. "రెడ్ అండ్ గోల్డ్"కి ద డీల్ బృందం "షూట్ ఎమ్ అప్ మూవీస్". అప్పటికి ఇవేవీ అరుదైన రికార్డులు కావు, అందరి ఇళ్లలో మోగినవే. అమెరికా నల్లవాళ్ల రేడియోలో రాత్రిపూట మెల్లటి ప్రేమ పాటలు వేసే పద్ధతిని క్వయెట్ స్టార్మ్ అంటారు. 1976లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీ స్టేషన్ డబ్ల్యూహెచ్‌యూఆర్‌లో మొదలైంది. మన ఎఫ్ఎంలో రాత్రి పది దాటాక ఇళయరాజా మెలొడీలు వేస్తారే, అలాంటిదే అనుకోండి.

ఆ రోజుల్లో బీటు చేసేవాళ్ల మధ్య రాయని రూలొకటి ఉండేది. ఎవరికీ దొరకని 60ల, 70ల ఫంకో జాజో తవ్వి తీస్తేనే మొగాడు. 80ల నున్నటి ఆర్ అండ్ బీ జోలికి పోతే చులకన. అండర్‌గ్రౌండ్‌లో అప్పుడు పేరున్న కంపెనీ ఫ్లో వాళ్ల 1997 ఆల్బమ్ వినండి, ఇనుప రేకు మీద సుత్తి దెబ్బలా ఉంటుంది. ఆ గుంపులో నిలబడి షాడేని లూపు చేయడం అప్పట్లో తెగింపే. మెత్తదనం అక్కడ తిరుగుబాటు. ఇప్పుడు అది తిరుగుబాటు కాదు, ప్రతి లోఫై ప్లేలిస్టులోనూ అదే. మీరు దాన్ని యథాతథంగా చేస్తే పని చేయకపోవడానికి సగం కారణం ఇదే.

"డూమ్స్‌డే" పాటని దగ్గరగా వినండి. షాడే పాట ప్రేమ గురించి. ఆ తీగ మీద డూమ్ తల్లి కడుపు నుంచి మొదలుపెట్టి తమ్ముడు పోయిన చోటికి తనూ చేరేదాకా అనే అర్థంలో హుక్ (తిరిగి తిరిగి వచ్చే పల్లవి) కట్టాడు. పెబుల్స్ అనే ఆవిడ గొంతు దానికి తోడుంటుంది. వెర్స్‌లో (చరణంలో) మాత్రం ఏడుపు లేదు. మొత్తం వెటకారం, తిండి మాటలు, సొంత డబ్బా. ఏడుపు లూపుది, నవ్వు మనిషిది. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే పాట అక్కడికక్కడే చచ్చిపోయేది.

ఇప్పుడు మీ పనికి వద్దాం.

ముందు ముక్క ఎంచుకోవడం. గొంతు లేని రెండు బార్లో నాలుగు బార్లో కావాలి (బార్ అంటే నాలుగు తాళం దెబ్బల చుట్టు). అవి మొదట్లో, చరణానికీ పల్లవికీ మధ్య, చివర్లో పాట సన్నగిల్లే చోట దొరుకుతాయి. మొదటి పది సెకన్లు విని వదిలేసేవాళ్లే ఎక్కువ. చివరి ముప్పై సెకన్లలో వాయిద్యగాళ్లు కొంచెం స్వేచ్ఛగా వాయిస్తారు, మంచి సరుకు అక్కడుంటుంది.

80ల పాటలతో మొదటి చిక్కు డ్రమ్ మెషీన్. ఆ రికార్డుల్లో లిన్‌డ్రమ్, 808 లాంటి మెషీన్ల స్నేర్ (డ్రమ్స్‌లో టప్పుమనే దెబ్బ) అప్పటికే బార్‌లో 2, 4 బీట్ల మీద గట్టిగా పడుతూ ఉంటుంది. దాని మీద మీ స్నేర్ వేస్తే రెండూ 20, 30 మిల్లీసెకన్లు ఎడంగా పడి టక్‌టక్ అని జంట దెబ్బలా వినిపిస్తుంది. మీ రెండో క్లిప్పులో ఉన్న జబ్బు ఇదే. మీరు డ్రమ్స్‌ని గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్ గీసిన తాళం గీతలకి) సరిచేసి లూపుని గాలికి వదిలేశారు. పద్ధతి తలకిందులు చేయండి: లూపులో స్నేర్ ఎక్కడ పడుతోందో జూమ్ చేసి చూసి, మీ స్నేర్‌ని అక్కడికి జరపండి. కుదరకపోతే లూపుని ప్రతి స్నేర్ దగ్గర కోసి, ఆ స్నేర్ ఉన్న చిన్న ముక్కని తీసేసి మీది పెట్టండి. మూడో దారి, స్నేర్ అసలు వేయకుండా పాతదాన్నే ఉంచి కిక్ (దుమ్మనే కింది డ్రమ్ము దెబ్బ) ఒక్కటే కలపడం. ఈ మూడో దారి సోమరితనంలా కనిపిస్తుంది కానీ సోల్ లూపుకి చాలాసార్లు అదే నప్పుతుంది.

బేస్ విషయం. లూపులో ఉన్న బేస్, మీరు వాయించిన బేస్ కలిస్తే కింద బురద తప్ప ఏమీ మిగలదు. పాతకాలపు ఉపాయం ఒకటుంది. లూపుని రెండు ట్రాకుల్లో పెట్టండి. ఒకదానికి లో-పాస్ ఫిల్టర్ (కింది శబ్దాలనే పోనిచ్చేది) 200 హెర్ట్జ్ దగ్గర, రెండోదానికి హై-పాస్ (పై శబ్దాలనే పోనిచ్చేది) అదే చోట. కింది ట్రాకులో అసలు పాట బేస్ ఒక్కటే మిగులుతుంది. అది బాగుంటే అదే మీ బేస్, దాని శబ్దం విడిగా పెంచుకోవచ్చు. బాగోకపోతే ఆ ట్రాకు మూసేసి మీది వాయించండి. రెండూ కలిపి ఉంచకండి.

వేగం, శ్రుతి. డీఏడబ్ల్యూలో (పాటలు రికార్డు చేసి కూర్చే సాఫ్ట్‌వేర్‌లో) లూపు పెట్టగానే అది దాన్ని సాగదీసి మీ టెంపోకి సరిచేస్తుంది. ఆ సాగదీతలోనే ఎలక్ట్రిక్ పియానో నీళ్లలో మునిగినట్టు అవుతుంది. సాగదీసే పద్ధతి ఆపేసి రీపిచ్ పద్ధతి పెట్టండి, అంటే టేపు నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగినట్టు. లెక్క తేలికే: ఒక సెమీటోన్‌కి (పక్కపక్క స్వరాల మధ్య దూరానికి) వేగం దాదాపు 6 శాతం మారుతుంది. 92 బీపీఎం (నిమిషానికి 92 దెబ్బల) పాటని రెండు సెమీటోన్లు దించితే 82కి వస్తుంది. నచ్చిన శ్రుతి ముందు చూసుకుని, వచ్చిన టెంపోనే మీ పాట టెంపోగా ఒప్పుకోండి. "నాకు 90 కావాలి" అని పట్టుబడితేనే గొడవ.

ఇక అందరూ ఎగబడే "12 బిట్" రుచి. ఎస్పీ-1200 అనే 1987 నాటి శాంపిలర్ (పాట ముక్కలు దాచుకుని వాయించే మెషీన్) 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. మొత్తం పది సెకన్ల మెమరీ, ఒక్క ముక్కకి రెండున్నర సెకన్లు మించి పట్టదు. 90 బీపీఎంలో నాలుగు బార్లంటే 10.67 సెకన్లు, అందులో పట్టవు. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 మీద తిప్పి రికార్డు చేసుకునేవాళ్లు. వేగం 1.35 రెట్లయి అదే నాలుగు బార్లు 7.9 సెకన్లలో పట్టేస్తాయి, నాలుగు ప్యాడ్లకి (నొక్కి వాయించే మీటలకి) పంచుకోవాలి. తర్వాత మెషీన్లో ఐదు సెమీటోన్లు పైచిలుకు కిందికి దించితే పాట మామూలు వేగానికి వస్తుంది. అలా దించినప్పుడే ఆ గరుకు పుడుతుంది. ఎవరూ రుచి కోసం మొదలుపెట్టలేదు, మెమరీ చాలక చేసిన పని.

మీరు అదే చేయాలంటే: లూపుని 5 సెమీటోన్లు పైకి రీపిచ్ చేసి ఎగుమతి చేయండి, ఆ ఫైలుని 12 బిట్, 26 కిలోహెర్ట్జ్ బిట్‌క్రషర్ (శబ్దం నాణ్యత తగ్గించే ప్లగిన్) గుండా పంపండి, మళ్లీ 5 సెమీటోన్లు దించండి. పైన పది కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా ఏమీ మిగలదు, మిగిలినదానికి సన్నటి ఇసుక అంటుకుంటుంది. ఇది లూపుకీ డ్రమ్స్‌కే. గొంతు మీద పెడితే మీ మాటల్లో స, శ, ష ఒకటే అయిపోతాయి. మాస్టర్ మీద పెడితే పాటంతా దుమ్ము. మొదటి క్లిప్పులో మీరు చేసింది అదే అనుకుంటున్నాను.

రికార్డు గీతల చిటపట ప్లగిన్ తీసేయండి. నిజం రికార్డు నుంచి తీసిన లూపులో చిటపట కూడా నాలుగు బార్లకోసారి అదే చోట తిరిగొస్తుంది, చెవి దాన్ని తాళంలో భాగంగా తీసుకుంటుంది. ప్లగిన్ చిటపట ఎడతెరిపి లేని వానలా పడుతుంది, దానికీ పాటకీ సంబంధం ఉండదు. లూపు అతుకు దగ్గర టిక్కుమంటే అది వేరే జబ్బు. అలలు సున్నా గీతని దాటే చోట కోసి, అటూ ఇటూ ఐదు మిల్లీసెకన్ల ఫేడ్ పెడితే పోతుంది.

ఇక స్వింగ్, అంటే దెబ్బల్ని తిన్నగా కాక కొంచెం ఊగించడం. ఎంపీసీ (బీట్లు కట్టే మెషీన్) లెక్కలో 50 శాతం అంటే తిన్నగా, 66 అంటే పూర్తి తిశ్రం. సోల్ లూపు కింద హై-హ్యాట్‌కి (డ్రమ్స్‌లో జంట తాళాల చప్పుడుకి) 54 నుంచి 58 మధ్య చాలు. కానీ లూపులోనే వాయించినవాడి స్వింగ్ ఉంటుంది కదా, ముందు దాన్ని వినండి. అది తిన్నగా ఉంటే మీదీ తిన్నగానే ఉంచండి. కలవని స్వింగులు రెండు ఒకేచోట పెడితే తాగినవాళ్లిద్దరు భుజాల మీద చేతులేసుకుని నడిచినట్టుంటుంది.

తాళం కావాలని చెడగొట్టే విద్య నేర్చుకోవాలంటే డూమ్ ఇంకో ర్యాపర్ ఎంఎఫ్ గ్రిమ్‌తో కలిసి పాడిన "టిక్, టిక్..." వినండి. బీటిల్స్ "గ్లాస్ ఆనియన్" చివరి తీగ వాయిద్యాల ముక్క మీద ఆ బీటు మెల్లగా నెమ్మదిస్తుంది, మళ్లీ పరుగెడుతుంది, ఇద్దరూ దాన్ని వెంబడించి పాడతారు. రీపిచ్ పద్ధతిలో టెంపో ఆటోమేషన్ (వేగం ఎక్కడ ఎంత మారాలో చెప్పే గీత) గీస్తే ఇది మీకూ వస్తుంది. ఎనిమిది బార్ల మేర 88 నుంచి 80కి దించి, మళ్లీ ఎక్కించండి. గొంతు రికార్డు చేయడానికి ముందే టెంపో గీయాలి. పాడేశాక గీస్తే గొంతు కూడా సాగుతుంది, లేదా తప్పుతుంది. ఈపీ మొత్తంలో ఒక్కసారి మించి చేయకండి.

గొంతు. డైనమిక్ మైకు, నోటికి ఒక జానెడు కంటే దగ్గరగా, వెనకాల మందపాటి దుప్పటి. 90 హెర్ట్జ్ కింద కోసేయండి. కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గుల్ని సర్దేది) 4:1, సూది నాలుగైదు డెసిబెల్స్ కదిలితే చాలు. మాట వినపడట్లేదని గొంతు పెంచడం తప్పు. లూపులో 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి, మాట దానంతటదే పైకి తేలుతుంది. లూపుని మోనోకి (కుడి ఎడమలు లేని ఒకే శబ్దానికి) దగ్గరగా మూసేయండి. వెడల్పుగా పరిస్తే గొంతు చుట్టూ దిండ్లు పేర్చినట్టవుతుంది, మీరు వద్దనుకున్న కాఫీ షాపు అదే. రివర్బ్ పూర్తిగా తీసేసి ఒకసారి వినండి. భయమేస్తుంది, అయినా రెండు రోజులు అలాగే ఉంచండి.

నిడివి కూడా చూసుకోండి. 88 బీపీఎంలో 16 బార్ల వెర్స్ 44 సెకన్లు. నాలుగు బార్ల ఎత్తుగడ, రెండు వెర్సులు, ఎనిమిది బార్ల హుక్ రెండుసార్లు అంటే 52 బార్లు, 2 నిమిషాల 22 సెకన్లు. మీ నాలుగు బార్ల లూపు 13 సార్లు తిరుగుతుంది. ఏమీ మార్చకుండా 13 సార్లు భరించేంత లూపు అరుదు. ఎనిమిది బార్లకోసారి ఏదో ఒకటి తీసేయండి, కలపడం కాదు. బేస్ రెండు బార్లు పోయి తిరిగొస్తే చాలు, చెవి నిద్ర లేస్తుంది.

సాహిత్యం దగ్గర తెలుగువాళ్లకి ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి. వస్తున్నా, చూస్తున్నా, మోస్తున్నా అని రాసుకుంటూ పోతే అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది, ఊరికే దొరికింది కాబట్టి విలువ లేదు. డూమ్ బలం చివరి అక్షరంలో లేదు, లైను మధ్యలో మూడు నాలుగు అక్షరాల గుంపులు ఒకదానికొకటి అద్దం పట్టడంలో ఉంది. అది తెలుగులో బ్రహ్మాండంగా కుదురుతుంది, ఎందుకంటే గురులఘువులు మన చెవికి పుట్టుకతో తెలుసు. గోలకొండ, పూలదండ, పాలకుండ: మూడూ గురువు, లఘువు, గురువు, లఘువు, మధ్యలో ల, చివర డ. వీటిని లైను చివర కాక రెండో బీటు మీదా నాలుగో బీటు మీదా పడేట్టు రాసి, చివర క్రియని ప్రాస లేకుండా వదిలేయండి. పద్యంలో రెండో అక్షరానికి ప్రాస పెట్టిన జాతి మనది, లైను చివరే కట్టాలన్న నియమం మనకెప్పుడుంది?

ఇక ఆదరణ సంగతి. ఈ ఆల్బమ్ వెలువడిన రెండు మూడు నెలల అటూ ఇటూ పేరున్న ర్యాపర్లు మోస్ డెఫ్ "బ్లాక్ ఆన్ బోత్ సైడ్స్", డాక్టర్ డ్రె "2001", జే-జీ మూడో "వాల్యూమ్" వచ్చాయి. వాటి పక్కన ఒక చిన్న లేబుల్ సరుకు పెద్ద పత్రికల్లో, టీవీలో ఎంత చోటు సంపాదిస్తుంది? విన్నవాళ్లు కాలేజీ రేడియో జనం, సింగిల్స్ కొనే డీజేలు. వాళ్ల నుంచి నోటి మాటగా పాకింది. 2001లో ఫాండిల్ ఎమ్ మూతపడింది. అదే ఏడాది సబ్ వర్స్ అనే మరో లేబుల్ ఆల్బమ్‌ని మళ్లీ వేసింది. 2003లో వేరే పేర్లతో రెండు ఆల్బమ్‌లు, 2004లో బీట్లు చేసే మాడ్‌లిబ్‌తో "మాడ్‌విలనీ", అదే ఏడాది "ఎమ్ఎమ్..ఫుడ్" వచ్చాక కొత్తగా చేరిన అభిమానులు వెనక్కి వెళ్లి దీన్ని తవ్వుకున్నారు. 2011లో మళ్లీ ముద్రణ, 2020 అక్టోబరు 31న ఆయన పోయాక ఇంకో తరం వినడం. కాబట్టి జనం దీన్ని తిరస్కరించి తర్వాత మనసు మార్చుకున్నారనడం తప్పు. వాళ్ల దాకా డిస్కు చేరడానికే ఏళ్లు పట్టింది.

విమర్శలూ అబద్ధం కాదు. మధ్యలో గుంపుగా వచ్చి పాడే "హూ యు థింక్ ఐ యామ్?" దగ్గర ఆల్బమ్ కూలబడుతుంది. మార్వెల్ కామిక్స్ విలన్ డాక్టర్ డూమ్ కార్టూన్ గొంతులతో చేసిన స్కిట్లు కథ చెబుతాయి కానీ పదోసారికి వేలు బటన్ మీదకి పోతుంది. "రైమ్స్ లైక్ డైమ్స్" చివర బాబిటో డీజే కుకుంబర్ స్లైస్ అవతారంలో చేసే వాగుడు కొందరికి ప్రాణం, కొందరికి తలనొప్పి. నాకైతే అది ఉండాలి. అంత నున్నటి లూపు మీద అంత పిచ్చి వాగుడు పడితే తప్ప ఆ పాట పూర్తికాదు.

చిన్న లేబుల్ అయినందుకు దక్కిన లాభం ఒకటుంది, మీకు పాఠం కూడా. "గ్యాస్ డ్రాల్స్"కి ఆధారం స్టీలీ డాన్ బృందం 1977 పాట "బ్లాక్ కౌ". అదే 1997లో లార్డ్ తారిక్, పీటర్ గంజ్ ఇద్దరూ అదే "బ్లాక్ కౌ" మీద "దేజా వూ" చేశారు, అది పెద్ద హిట్టయింది. పాట రాసిన హక్కు మొత్తం స్టీలీ డాన్‌కి పోయింది. అప్పటికే 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ జడ్జి అనుమతి లేని శాంపిల్ దొంగతనమేనని తేల్చిపారేశాడు. కొద్దిగా అచ్చయి కొద్దిమందికే తెలిసిన రికార్డు మీదకి లాయర్లు రావడానికి ఖర్చు గిట్టదు, ఆ నీడలోనే ఇలాంటి ఆల్బమ్‌లు బతికాయి. ఇప్పుడా నీడ లేదు. మీరు అప్‌లోడ్ చేసిన గంటలో యూట్యూబ్ కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే ఏర్పాటు) పట్టుకుంటుంది, పది మంది విన్నా పది లక్షల మంది విన్నా దానికొకటే.

మన దేశంలో పాత తెలుగు పాట ముక్క వాడాలంటే రెండు అనుమతులు కావాలి. రికార్డింగ్‌ది ఒకటి, అది లేబుల్ చేతిలో ఉంటుంది, పాత హెచ్ఎంవీ సరుకైతే సారెగామా. బాణీ, సాహిత్యానిది రెండోది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. 1960లో విడుదలైన రికార్డింగ్ హక్కు 2020 డిసెంబరు 31తో అయిపోయింది. ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని తప్పులో కాలేస్తారు. బాణీ హక్కు స్వరకర్త చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకి 2034 చివరి దాకా హక్కుంది. గొంతు లేని ముక్క తీసుకుంటే సాహిత్యం బెడద తప్పుతుంది, బాణీ బెడద తప్పదు. సెక్షన్ 31సీ ఉంది కదా అని మీ మిత్రుడన్నారట, అది కవర్ పాటలకి, అంటే పాత పాటని మళ్లీ పాడి రికార్డు చేయడానికి, శాంపిల్స్‌కి కాదు.

బడ్జెట్ తక్కువైతే మధ్యేమార్గం ఉంది. కీబోర్డ్ వాయించే మనిషిని పిలిపించి ఆ నాలుగు బార్లు మళ్లీ వాయించండి. రికార్డింగ్ అనుమతి అక్కర్లేదు, బాణీది ఒక్కటే చాలు. ఇంకా మంచిది, ఆ పాట నడకలో, ఆ స్వరాల వరసలో వేరే బాణీ సొంతంగా కట్టించుకోండి. ఐదారు రకాలుగా వాయింపించి, ఒక్క టేకుగా రికార్డు చేసి, దాన్ని పరాయి రికార్డులా భావించి పైన చెప్పిన పద్ధతిలో 5 సెమీటోన్ల దారిలో పంపి, కోయండి. వాయించినవాడికి రాతపూర్వకంగా డబ్బిచ్చి, హక్కులు మీకు రాసినట్టు సంతకం తీసుకోండి. ఆ కాగితం లేకపోతే రేపు పాట నాలుగు చోట్ల మోగితే అతనే మీకు సారెగామా అవుతాడు.

మాస్టరింగ్ (పాట శబ్దానికి ఆఖరి మెరుగు) చివర్లో, అది కూడా తక్కువగా. స్పాటిఫై శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది. మీది మైనస్ 11 దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఆపండి. మైనస్ 7కి నలిపితే కిక్ పడ్డప్పుడల్లా లూపు ఊపిరాడక ముడుచుకుంటుంది, షాడే మీద ఎవరో కూర్చుని లేస్తున్నట్టు. ముందుగా రెండో క్లిప్పు స్నేర్ జరిపి, గొంతు రివర్బ్ తీసి మళ్లీ పెట్టండి. మిగతావి దాని తర్వాత.